పోయొస్త

“ఓ మేడమ్! చెరువు మొత్తం ఎండబెట్టినవ్!”

ఫోన్‌లో కొత్త గొంతు. మగ్గం మీద ఉన్న నవనీత ఉలిక్కిపడి పోగు తెంపుకుంది.

“ఎవరు మీరు? ఏ చెరువు?”

“దినేష్. తిమ్మాజిపేట. పీజీ ఆటల నీ పార్ట్‌నర్‌ని. నిన్న అన్నానికి లేస్తివి, మోటార్లు బందు చెయ్యకపోతివి. మాపటికల్లా చుక్క లేదు. ముప్పై మార్కులు గంగల కలిసినయ్.”

డిగ్రీ అయ్యాక చదువు ఆపేసి, గద్వాలలో తన ఇంటి మగ్గమే ఎక్కింది నవనీత. ఈ ఏడు యూనివర్సిటీ ఒకటి ఇంట్లోంచే చదివే పీజీ పెడితే ప్రాణం లేచొచ్చినట్టయింది. పాఠాలన్నీ ఆటే. ఇద్దరికి కలిపి ఒక ఊరిస్తారు. దాని నీళ్లు, పంట, సంత నడుపుతూ పన్నెండు లెవల్స్ దాటాలి. లేచిపోయేటప్పుడు “ఇక పోతాను” అనే ఎర్ర బటన్ నొక్కాలి. నొక్కకపోతే మనిషి అక్కడే ఉన్నట్టు. మోటార్లు నడుస్తూనే ఉంటాయి.

“బటన్ కనవడలేదా?”

“కనవడ్డది. నేను నొక్క.”

“ఎందుకు?”

“మా ఇంట్ల ‘పోత’ అనరు. ‘పోయొస్త’ అంటరు.”

“అది బటన్ తల్లీ!”

“అయితే ఏంది? దాని మీద అక్షరాలున్నయ్ గదా.” ఆమె గొంతు తగ్గింది. “మా నాయిన దవాఖానకు పోయేటప్పుడు మరిచిపోయి ‘పోత’ అన్నడు. మళ్ల రాలే.”

దినేష్ గొంతులో కోపం దిగింది.

“సరే. నువ్వు రోజూ నాతోటి ‘పోయొస్త’ అని లేచిపో. మోటార్లు నేను బందు చేస్త.”

అట్లా నాలుగు నెలలు.

“ఎరువు గంత పోసినవేంది?”

“రంగు పల్చగున్నదని.”

“అది చీర కాదు, చేను!”

తిమ్మాజిపేటలో వాన పడితే అతను ఫోన్‌ను రేకుల కింద పెట్టేవాడు. గద్వాలలో ఆమె వినేది. ఆ చప్పుడుకు మార్కుల్లేవు. అయినా ఇద్దరూ బుద్ధిగా వినేవాళ్లు.

ఆ ఐతారం సాయంత్రం అయిదింటికి గడువు. పొద్దున పదకొండింటికే పన్నెండో లెవల్ గెలిచారు. అప్పుడు స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి: ఇద్దరూ ఎవరి ఫోన్‌లో వాళ్లు “ఇక పోతాను” నొక్కితేనే మార్కులు చేరతాయి. ఆ తర్వాత జట్టు రద్దు.

“నాతోటి కాదు దినేష్.”

“ఇద్దరి పీజీ పోతది నవనీతా.”

“తెలుసు. మూడుసార్లు వేలు పెట్టిన, మూడుసార్లు తీసిన. నొక్కితే... నువ్వు గూడ పోతవ్.”

ఆ మాట ఎట్లా జారిందో ఆమెకే తెలియదు. టక్కున ఫోన్ కట్ చేసింది.

పన్నెండున్నరకు మెసేజ్: “నాగర్‌కర్నూల్ వచ్చిన. ఇల్లు ఎక్కడో లొకేషన్ పెట్టు.”

రెండింటికి: “వనపర్తి. బస్సు మారిన. మిర్చీలు తిన్న.”

మూడున్నరకు: “కృష్ణ దాటుతున్న. వాన.”

నవనీత లొకేషన్ పెట్టింది. జడ వేసుకుంది. విప్పింది. మళ్లీ వేసుకుంది.

“ఏందే, ఎవరొస్తుండ్రు?” అంది అవ్వ భూలక్ష్మి.

“ఎవరు లేరవ్వా.”

నాలుగున్నరకు ఆ ఎవరూ లేని మనిషి తడిసి ముద్దయి గడప ముందు నిలబడ్డాడు.

“చెరువు ఎండబెట్టిన పిల్ల ఇల్లు ఇదేనా అవ్వా?”

ఆటలో కనబడే ఫోటోలో కంటే నల్లగా ఉన్నాడు. నవ్వు మాత్రం గొంతులాగే ఉంది. సంగతి విన్న అవ్వ మొహం వాడిపోయింది. ‘పోత’ అని వెళ్లినవాడు ఆమె కొడుకే మరి.

దినేష్ జేబులోని ప్లాస్టిక్ కవర్లోంచి పల్చటి బస్సు టికెట్ తీశాడు. వెనక పెన్నుతో “పోయొస్త” అని రాసి ఉంది.

“దీన్ని బటన్ మీద అతికిద్దాం. గమ్ ఉందా?”

అవ్వ లేచి, పడుగుకు పెట్టే గంజి గిన్నె తెచ్చింది. తనే వేలితో గంజి పూసి, తనే నవనీత ఫోన్ మీద అతికించింది. టికెట్ కింద బటన్ ఎర్రగా మెరుస్తోంది.

“ఇప్పుడు నొక్కు బిడ్డా.”

“పోయొస్త!” గట్టిగా అని నొక్కింది నవనీత. పక్కనే దినేష్ తన ఫోన్‌లో నొక్కాడు. అయిదుకు ఇంకా పది నిమిషాలుంది. రెండు స్క్రీన్ల మీదా ఒకే మాట: పాస్. జట్టు రద్దు.

ఎవరూ కదల్లేదు.

“మాది మగ్గమున్న ఇల్లు నాయినా,” అంది అవ్వ, మెల్లగా. “నీకు పోగు అతుకుడు వస్తదా?”

“రాదవ్వా. నేర్సుకుంట. ఎన్ని లెవల్స్ ఉన్నయో చెప్పు.”

“లెవల్స్ అంటే ఏందే?”

నవనీత మొహం కొంగులో దాచుకుంది.

వాన తగ్గింది. దినేష్ చెప్పులు వేసుకున్నాడు.

“ఇగ... పోయొస్త.”

“ఎప్పుడు?” అంది నవనీత.

“ఏంది?”

“పోయొస్త అన్నవ్ గదా. ఎప్పుడొస్తవ్?”

అతను చెవులదాకా నవ్వాడు. “వచ్చే ఐతారం. మా అమ్మను తోల్కొని.”

లోపల్నుంచి అవ్వ గొంతు వినిపించింది.

“పొద్దుగాల్నే రమ్మను. అన్నం ఈడనే తినాలె.”