మరిసేలా వేసిన స్టీల్ తీగలు

శనివారం పది గంటలకే ఎండ చుర్రుమంటోంది. అయినా మరిసేలా వాళ్ల ఇంటి ముందు పాత సామాన్ల యార్డ్ సేల్ జోరుగా సాగుతోంది. సాన్ ఆంటోనియోలో మా వీధివాళ్లకి ఇది మామూలే. ఒకరికి అక్కర్లేని మిక్సీ ఇంకొకరి ఇంటికి చేరుతుంది. ఏడాది తిరక్కుండా అదే మిక్సీ మరొకరి ఇంటి ముందు బల్ల ఎక్కుతుంది.

బేరాలన్నీ మరిసేలా వాళ్ల యుసేబియో తాతవే. ఆయన గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తాతకి వస్తువు అమ్మడం కన్నా బేరమాడటం ఇష్టం.

"ఈ ఫ్యాన్ తిరుగుతుందా?" అని అడిగాడొకాయన.

"తిరుగుతుంది. కాకపోతే దానికి బుద్ధి పుట్టినప్పుడు. అచ్చం మా అల్లుడే," అన్నాడు తాత.

అప్పుడే పదేళ్ల మరిసేలా తన గిటార్ తెచ్చి ఆ ఫ్యాన్ పక్కన ఆనించింది. ఎవరి ముఖమూ చూడకుండా దానిమీద ధర చీటీ అంటించింది.

వాళ్లమ్మ చూడనే చూసింది. "అదేంటే? నీ ఎనిమిదో పుట్టినరోజుకి తాత కొనిచ్చింది కదా?"

"నాకు రావట్లేదమ్మా. నాకు సంగీతం రాదు, అంతే."

"మొన్నటిదాకా బాగానే వాయించావుగా?"

"అది చిన్నప్పుడు."

"అబ్బో, పోయిన నెల పాలపీక నోట్లో ఉంది కాబోలు. సరే, నీ వస్తువు, నీ ఇష్టం. రేపు ఏడుస్తూ మాత్రం నా దగ్గరికి రాకు."

తాత గిటార్ వైపు ఒకసారి చూసి గొడుగు సర్దుకున్నాడు. తాతకి వాయించడం రాదు, పాడటమే వచ్చు. మనవరాలు వాయిస్తుంటే సాయంత్రాలు వాకిట్లో కూర్చుని పాడేవాడు. నెల రోజులుగా ఆ పాటలు లేవు. వీధిలో మాకందరికీ అది లోటుగానే ఉంది.

అసలు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మరిసేలా గిటార్‌కి ఉండేవి నైలాన్ తీగలు. మెత్తగా పలుకుతాయి. బడిలో డారియో గిటార్‌వి స్టీల్ తీగలు. మెరుస్తాయి, ఖంగుమని మోగుతాయి.

"నీ గిటార్ ఇంకా నిద్ర లేవలేదే," అన్నాడు డారియో ఒకరోజు.

ఆ మాట మరిసేలాకి గుచ్చుకుంది. డారియో దగ్గర మిగిలిన స్టీల్ తీగలు అడిగి తెచ్చుకుంది. ఆ సాయంత్రం గది తలుపు వేసుకుని తనే మార్చేసింది. తీగ తీగే కదా అనుకుంది. ఎవరినీ అడగలేదు.

రెండు రోజులు ఖంగుమంది. ఆ తరవాత శ్రుతి నిలవడం మానేసింది. తీగలు పైకి లేచిపోయి, నొక్కితే వేళ్ల చివర్లు కందిపోయేవి. బడిలో పాటల క్లాసులో వాయించబోతే అపస్వరాలు పలికి అందరూ నవ్వారు. లోపమంతా తన వేళ్లదే అనుకుంది మరిసేలా.

పదకొండు అవుతుండగా ఒఫేలియా గారు వచ్చారు. ఆవిడ మా చర్చిలో ఆదివారం పాటలకి గిటార్ వాయిస్తారు, పిల్లలకి నేర్పుతారు కూడా. గిటార్ చూడగానే ఎత్తి ఒక్కసారి మీటారు. ముఖం చిట్లించారు. వంగి, తీగలు కట్టిన చెక్కముక్కని పరీక్షగా చూశారు. ధర చీటీ ఊడదీసి, దాని అంచుని ఆ చెక్కముక్క కిందకి తోశారు. చీటీ సగం లోపలికి వెళ్లిపోయింది.

"చూశారా, ఇది ఊడిపోతోంది," అన్నారావిడ. "ఇది నైలాన్ తీగల కోసం చేసిన గిటార్. స్టీల్ తీగలు దీన్ని గట్టిగా లాగేస్తాయి. ఎవరు వేశారు ఇవి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మరిసేలా చేతులు వెనక్కి దాచుకుంది.

"కొన్నప్పుడే అలా ఉందండీ," అంది.

ఆ మాట విని తాత మెల్లగా కుర్చీలోంచి లేచాడు. ఇందాకటి బేరాల గొంతు ఇప్పుడు లేదు.

"కొన్నది నేనేనమ్మా. నాకు తీగల సంగతి ఏం తెలుసు? చూడ్డానికి బాగుందని తెచ్చేశాను." మనవరాలి వైపు తిరిగాడు. "పనికిరానిది కొనిచ్చి ఇన్నాళ్లూ నీ వేళ్లు నొప్పి పెట్టించానా తల్లీ? నీకు సంగీతం రాదంటే నేనూ నిజమే కాబోలు అనుకున్నాను."

"పోనీలెండి, బాధపడకండి. బాగుచేస్తే బాగవుతుంది," అన్నారు ఒఫేలియా గారు. "మా క్లాసుకి ఇంకొకటి ఉంటే మంచిదే. చెప్పిన ధరకే తీసుకుంటాను." ఆవిడ పర్సు తీశారు.

గండం గడిచినట్టే. గిటార్ వెళ్లిపోతుంది, దాంతోపాటు తను చేసిన పనీ వెళ్లిపోతుంది. కానీ తాత ఇంకా నిలబడే ఉన్నాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. తాత ఒకరి ముందు అలా నిలబడటం మరిసేలా ఎన్నడూ చూడలేదు. ఆమెకి చాలా సిగ్గేసింది.

"తాతా, నువ్వు కొన్నది మంచిదే," అంది. "తీగలు నేనే మార్చాను. డారియో దగ్గర తెచ్చుకుని, మీకెవరికీ చెప్పకుండా. ఇందాక చెప్పింది అబద్ధం."

ఫ్యాన్ తిప్పి చూస్తున్నాయన కూడా ఇటు తిరిగాడు.

"అంటే నన్నెవరూ మోసం చెయ్యలేదన్నమాట," అన్నాడు తాత.

"లేదు తాతా."

"హమ్మయ్య. బేరాల్లో నా పరువు దక్కింది." టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తరవాత మెల్లగా అన్నాడు, "నాకు చెప్పాల్సింది, తల్లీ. నాకు తెలియకపోతే తెలిసినవాళ్ల దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం."

తిట్టి ఉంటే మరిసేలా తట్టుకునేది. ఆ మాటకి మాత్రం ఏడుపొచ్చేసింది.

ఒఫేలియా గారి చేతిలో పర్సు ఇంకా తెరిచే ఉంది. "మరి నాకు అమ్ముతున్నావా, లేదా?"

మరిసేలా కళ్లు తుడుచుకుని గిటార్ అందుకుంది. "అమ్మనండీ. ఇది నాకు కావాలి. దీన్ని బాగుచేయడం నాకు చూపిస్తారా?"

"చూపిస్తాను. ముందు ఆ తీగలు వదులు చెయ్యి. ఒక్కసారిగా కాదు, ఒక్కోటీ కొంచెం కొంచెంగా."

ఆ వారమంతా గిటార్ ఒఫేలియా గారింట్లో, ఊడిన చోట జిగురు పూసి బిగించి ఉంది. తరవాత కొత్త నైలాన్ తీగలు మరిసేలానే కట్టింది. ప్రతి తీగకీ ఒఫేలియా గారిని "ఇది సరేనాండీ?" అని అడిగింది. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆ తరవాతి మంగళవారం చర్చి వెనక గదిలో ఒఫేలియా గారి గిటార్ క్లాసు. మరిసేలాకి అదే మొదటిరోజు. పిల్లలు ఎనిమిదిమంది ఉన్నారు. ఒఫేలియా గారు ఒక కొత్త పాటకి వేళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించి, "అందరికీ వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చింది," అన్నారందరూ.

మరిసేలా మీటింది. రెండు తీగలు పలికాయి, మిగతావి బుస్సుమన్నాయి. పక్కవాళ్లు తలలు తిప్పి చూశారు. అయినా మరిసేలా చెయ్యెత్తింది.

"నాకు రాలేదండీ. మళ్లీ చూపిస్తారా?"

"హమ్మయ్య," అన్నాడు వెనకనుంచి ఒక కుర్రాడు. "నాకూ రాలేదు."

"నాకూ," అంది ఇంకో పిల్ల.

ఒఫేలియా గారు తన కుర్చీని మరిసేలా ఎదురుగా జరుపుకుని, మొదటినుంచి మొదలుపెట్టారు.