ఎగువకే దిగాలి

కొరియర్ హడ్‌నట్‌ను బోయిసీలో, హోటల్ లిఫ్ట్‌లోనే కాల్చి చంపారు. వారం తిరక్కుండానే అతని పని వెండెల్ స్ట్రేక్ నెత్తిన పడింది.

"శత్రుదేశంలో ఉన్న మన ఏజెంట్లందరి పేర్లూ ఈ చిప్‌లో ఉన్నాయి," అన్నాడు చీఫ్. "లోర్నా హాస్కెట్ వచ్చి తీసుకుంటుంది. ఆమె మీద ఏ కొంచెం అనుమానం వచ్చినా ఇవ్వకు."

"ఆరేళ్ళు కాపురం చేశాను చీఫ్ ఆమెతో."

"అందుకే చెబుతున్నా."

చోటు లోర్నాయే ఎంచుకుంది. ఐడహో కొండల్లో పైలట్ల కాలనీ అది. ఇంటికో విమానం, అందరికీ కలిపి ఒక గడ్డి రన్‌వే. టవర్ లేదు, దారిచూపే దీపాలు లేవు, రేడియో సంకేతాలు లేవు. కంటితో చూసుకుని దిగాల్సిందే. తాను పెరిగింది అక్కడేనని, పన్నెండేళ్ళకే నాన్న పక్కన కూర్చుని విమానం దించానని లోర్నా ఎన్నోసార్లు చెప్పింది.

శనివారం ఉదయం కాలనీ జనమంతా రన్‌వే పక్కన కుర్చీలేసుకుని ప్యాన్‌కేకులు తింటూ, దిగే ప్రతి విమానానికీ అట్టముక్కల మీద మార్కులు వేస్తారు. వెండెల్ దొంగమీసం అతికించుకుని, ఏప్రన్ కట్టుకుని పెనం ముందు నిలబడ్డాడు. చిప్ సిరప్ సీసా మూతలో ఉంది. అతనికి భయమూ లేదు, ఆమె వస్తోందన్న సంబరమూ లేదు. హడ్‌నట్ పోయినప్పటి నుంచి మనసు మొద్దుబారిపోయింది.

"హాస్కెట్ కూతురొస్తోందటగా!" ముసలి పైలట్ ఓపల్ మురిసిపోయింది. "ముప్పై ఏళ్ళయింది చూసి. వేలెడంత పిల్ల, ఎంత బాగా దించేదనుకున్నావ్!"

ఎర్ర విమానం కనిపించింది. రన్‌వే పక్కన గాలివాటం చూపే గుడ్డసంచి ఎటు ఊగుతోందో చూసుకుని, పద్ధతిగా గాలికి ఎదురుగా, కొండవైపు నుంచి పల్లానికి దిగసాగింది.

"అయ్యయ్యో, అటునుంచా!" ఓపల్ లేచి నిలబడింది. "ఇది ఏటవాలు రన్‌వే అబ్బాయ్. గాలి ఎటున్నా మేం ఎగువకే దిగుతాం. పల్లానికి దిగితే విమానం ఆగి చస్తుందా? ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. అది హాస్కెట్ కూతురు కాదు, కానే కాదు!"

పెనం మీద ప్యాన్‌కేకు మాడుతోంది. వెండెల్ దాన్ని తిరగేశాడు. ఆరేళ్ళ కాపురమూ నటనేనన్నమాట, అనుకున్నాడు. ఏడుపొస్తుందేమోనని చూశాడు. రాలేదు.

విమానం జారుకుంటూ పోయి కంచెకు జానెడు దూరంలో ఆగింది. లోర్నా నల్లకళ్ళద్దాలతో, నవ్వుతూ నడిచొచ్చింది.

"బ్లూబెర్రీ లేదా?" అంటూ కోడ్‌మాట చెప్పింది.

"వానొస్తేనే."

ఆమె చెయ్యి సీసా మీద పడింది. మూత తిరిగేలోపే మణికట్టుకు బేడీ పడింది. దాని రెండో కొస పొయ్యి కమ్మీకి తగిలించాడు వెండెల్.

"పిచ్చెక్కిందా నీకు? నేను లోర్నాని!"

"అసలు లోర్నాని ఏం చేశారు?"

ఆమె నవ్వు ఆరిపోయింది. "ఎక్కడ దొరికిపోయాను?"

"దిగిన చోటే."

ఓపల్ కోపంగా అట్టముక్క పైకెత్తింది. మూడు.

"ల్యాండింగ్‌కి అది చాల్లెండి," అన్నాడు వెండెల్, మీసం పీకేస్తూ. "కాపురానికి మాత్రం పదికి పది వెయ్యండి."