దించిన శ్రుతి

మా తమ్ముడు కామేశం జగ్గయ్యపేటలో లెక్కల మేష్టారు. వాడి భార్య ప్రసూనాంబ విషజ్వరంతో పోయిన ఏడు, అంటే అరవై రెండులో, వాడికీ పిల్లకీ ఇంత వండిపెట్టడానికి నేను నందిగామ నుంచి వచ్చి వాళ్లింట్లో ఉన్నాను. పిల్ల పేరు లలిత. ఆరేళ్లది. తల్లి పోయిన దగ్గర్నుంచీ దాని నోట మాట లేదు. ఆకలైతే గిన్నె చూపించేది, అంతే. బెజవాడ డాక్టరు గొంతులో లోపమేమీ లేదన్నాడు. పిల్ల ఒక్క మాట మాట్లాడితే నడిచి కొండకొస్తానని వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకున్నాను.

కామేశానికి గిటారు పిచ్చి. నందిగామలో చర్చి పాటలకు వాయించే ప్రేమదాసు దగ్గర నేర్చుకున్నాడు. ఆ వేసవి సెలవుల్లో పొద్దస్తమానం వసారాలో కూర్చుని దాని తీగలు బిగించే బిరడాలు తిప్పుతూనే ఉండేవాడు.

"వాయించేది తక్కువ, తిప్పేది ఎక్కువ. నీ డబ్బా పాట ఎప్పుడు పాడుతుందిరా?" అన్నాను, కందిపప్పు చెరుగుతూ.

"డబ్బా కాదు అక్కయ్యా, గిటారు. శ్రుతి మారుస్తున్నా. ఓపెన్ ట్యూనింగ్ అంటారు. మామూలుగా వేళ్లతో నొక్కితే గానీ తీగలు కలిసి పలకవు. ఇలా దించి కట్టుకుంటే ఏదీ నొక్కక్కర్లేదు. ఖాళీ తీగలే చాలు. స, ప, స, గ, ప, స..."

"వేళ్లకు పని తప్పించుకోడానికా ఇంత పాటు?"

వాడు నవ్వలేదు. "ప్రసూన లలితకు కథ చెప్పేటప్పుడు గొంతు దించి చెప్పేది, గుర్తుందా? ఆ గొంతు వెతుకుతున్నా. అది వింటే పిల్ల పలుకుతుందేమోనని."

నేను చేట పట్టుకుని లోపలికి వెళ్లిపోయాను. వాడి ఎదుట ఏడవడం ఇష్టంలేక.

చిక్కంతా గాంధారం తీగ దగ్గరే వచ్చింది. ఆ తీగను ఎంత దించినా వాడికి తృప్తి లేదు. ఒకనాటి సాయంత్రం మబ్బు పట్టి, మట్టి వాసన వేస్తోంది. దేవుడి దగ్గర దీపం పెట్టబోతున్నాను. వాడు ఆ తీగను ఇంకో వెంట్రుకవాసి దించి, బొటనవేలితో ఆరు తీగలనీ మెల్లగా నిమిరాడు.

నా చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయింది. అది తీగల మోతలా లేదు. పక్కగదిలో ఎవరో గొంతు తగ్గించి ఏదో మొదలుపెట్టినట్టుంది. మాటలు తెలియడం లేదు. గొంతు మాత్రం తెలుస్తోంది.

"ఊఁ" అంది లలిత.

అన్నాళ్లకు ఒక పలుకు! కామేశం పిల్లను ఎత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను స్వామికి బెల్లం నైవేద్యం పెట్టి, ఆ ముక్కే పిల్ల నోట్లో పెట్టాను.

అప్పట్నుంచి రోజూ దీపాల వేళకు వాడు మీటడం, అది ఊ కొట్టడం. ఇంటికి మళ్లీ ప్రాణం వచ్చిందనుకున్నాం.

ఒకరోజు కామేశం బజారుకెళ్లాడు. నేను వంటింట్లో ఉన్నాను. ముందుగదిలోంచి వినిపించింది.

"ఊఁ."

తొంగిచూశాను. గిటారు గోడకు వేలాడుతోంది. దాని కింద లలిత మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, పైకి చూస్తోంది. గదిలో ఇంకెవరూ లేరు. కాస్త ఆగి... "ఊఁ." ఇంకాస్త ఆగి... "ఊఁ." ఒకచోట కిసుక్కున నవ్వింది. ఇంకోచోట "అయ్యో" అంది.

జ్వరం మనిషి నుదుటి మీద వేసిన తడిగుడ్డ వాసన వచ్చింది.

దగ్గరకు వెళ్లి తీగల మీద చెయ్యి పెట్టాను. వణుకుతున్నాయి...

"ఎవరు చెబుతున్నారే తల్లీ?" అన్నాను.

"అమ్మ."

"కథ... ఇంకా ఎంతుంది?"

"కొంచెమే."

"అయిపోతే?"

"ఇంటికి పోదామంది."

కథ అయ్యాక పిల్లలకు మనమందరం చెప్పే మాటే అది. ఏ ఇంటికని ఎవరమూ అడిగి ఎరుగం.

కామేశం రాగానే వాణ్ణి పెరట్లోకి లాక్కెళ్లి చెప్పాను. "ఆ తీగలు విప్పెయ్యిరా, నీకు పుణ్యముంటుంది."

"ఇప్పుడిప్పుడే మాట్లాడుతోంది అక్కయ్యా. విప్పితే మళ్లీ మూగదైపోతే?"

"మూగదైనా ఉంటుంది కదరా, మన దగ్గర!"

"ఒక్కసారి... మళ్లీ ఒక్కసారి విని విప్పేస్తా. ఆ గొంతు నేనూ వినొద్దా?"

మర్నాడు దీపాల వేళకు మీటాడు. పిల్ల ఊ కొట్టింది. వాడు గిటారు కింద పెట్టి చేతులు ముడుచుకున్నాడు. అయినా ఆ గొంతు ఆగలేదు. దీపం నీలంగా చిన్నదైపోయింది.

ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ చెప్పేవాళ్లు ఆగిపోతారు. అదొక్కటే తోచింది నాకు. పిల్లను ఒళ్లోకి లాక్కుని, నోటి మీద అరచెయ్యి వేసి గట్టిగా మూశాను. నరసింహా, నరసింహా అనుకుంటున్నాను. చేతికింద దాని పెదవులు అదురుతున్నాయి.

గొంతు ఆగింది.

నిశ్శబ్దం... మళ్లీ మొదలైంది. ఆగినచోటనే. ఆగి, ఊ కోసం చూస్తోంది...

"ఊఁ" అన్నాడు కామేశం.

కళ్లు మూసుకుని ఉన్నాడు. బుగ్గల మీద నీళ్లు.

"ఒరే, నువ్వు పలక్కురా!"

"ఊఁ... ఊఁ."

తీగలు ఆగిపోయాయి. వాడు లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికిరా?"

"ఇంటికి" అన్నాడు, తన ఇంట్లోనే నిలబడి.

పిల్లను వదిలితే వాణ్ణి పట్టుకోగలను. పిల్లను వదల్లేదు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. తెల్లవార్లూ దాన్ని ఒళ్లోంచి దించలేదు, దాని నోటి మీద చెయ్యి తియ్యలేదు.

పొద్దున్నే మా వీధిలో ఉండే బస్సు కండక్టరు బుల్లిబాబు వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి తెల్లబోయాడు.

"మీరెప్పుడు తిరిగొచ్చారండీ?"

"నేనెక్కడికీ వెళ్లలేదు నాయనా. మా తమ్ముణ్ణి చూశావా?"

"రాత్రి మా బండికే ఎక్కారు కదండీ. రెండు టిక్కెట్లు, ఒక అర టిక్కెట్టు కొట్టాను. కీసర వంతెన దగ్గర దిగారు. ముసుగేసుకున్నావిడ మీరేననుకున్నా. పాప మాత్రం దారి పొడుగునా ఊ కొడుతూనే ఉందండి."

"ఏ పాప?"

"అదేంటండీ, మన లలితే..." అంటూ నా భుజం మీదుగా లోపలికి చూశాడు.

నా వెనక చాప మీద కూర్చుని లలిత అతన్నే చూస్తోంది.

బుల్లిబాబు దాని మీంచి చూపు తిప్పకుండానే, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ మెట్లు దిగాడు.