చివరిదాకా విన్నానని ముద్ర వేసినవాణ్ణి

ముందు నా చెవుల గురించి చెప్పాలి. అవి తెలియకపోతే ఈ కథ మీకు తలకెక్కదు.

కవాసాకిలో ఎల్‌పీ రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు వినేవాడిగా పనిచేశాను. అవును, అదే నా ఉద్యోగం. అచ్చులోంచి వచ్చిన మొదటి రికార్డుని రెండు వైపులా చివరిదాకా వినాలి. ఎక్కడా గరగర లేదు, సూది ఎగరలేదు అనిపిస్తే కాగితం మీద 'హిబినో' అని నా పేరున్న గుండ్రటి ముద్ర ఎర్ర సిరాతో వెయ్యాలి. అది పడ్డాకే మిగతా వేల రికార్డులు అచ్చయ్యేవి. నాలాంటి చెవులు జపాన్ మొత్తంలో ఇంకో జత లేవు. ఒకసారి ఓ వాద్యబృందం రికార్డు విని, మూడో వయొలిన్ వాడికి జలుబు చేసింది చూడండన్నాను. వియన్నాకి ఫోన్ చేసి కనుక్కున్నారు. నిజమే, చేసింది! రైలు చక్రాల చప్పుడు విని ఏ పెట్టెలో జనం నిలబడి ఉన్నారో చెప్పేవాణ్ణి. చీమ దగ్గితే... సరే, చీమ సంగతి వదిలెయ్యండి.

నా గది పెద్ద బీరువా అంత ఉండేది. కిటికీ లేదు. గోడలకి మందపాటి మెత్తలు. ఒక కుర్చీ, రికార్డు తిప్పే బల్ల, రెండు స్పీకర్లు, టీ ఫ్లాస్కు. తలుపు మూస్తే ఎవరి గుండె చప్పుడు వాళ్లకే వినిపించేంత నిశ్శబ్దం.

అది 1973 డిసెంబరు. చమురు కరువు. ఊళ్లో ఆడవాళ్లు టాయిలెట్ కాగితం కోసం కొట్ల ముందు జుట్లు పట్టుకుంటున్నారు. కరెంటు పొదుపని ఫ్యాక్టరీలో రెండు ట్యూబులైట్లకి ఒకటి పీకేశారు. పట్టపగలే మసక మసకగా ఉండేది. చమురు లేకపోతే ప్లాస్టిక్ లేదు, ప్లాస్టిక్ లేకపోతే రికార్డు లేదు. అందుకని షాపుల నుంచి తిరిగొచ్చిన, అమ్ముడుపోని రికార్డులే మాకు దిక్కు. వాటి నడుమ అంటించిన, పాడినవాళ్ల బొమ్మ ఉన్న కాగితపు చక్రాన్ని పొడిచి తీసేసి, మిగతాది మరలో వేస్తే నల్లటి గింజలయ్యేవి. ఆ గింజల్ని కరిగించి ఇంకొకళ్ల పాట అచ్చువేసేవాళ్లం.

ఆ రోజు మరలో నలుగుతున్నది నాగుమో చిసే అనే పిల్ల రెండో ఎల్‌పీ. ఎనిమిది వేలు అచ్చువేస్తే ఏడు వేల ఆరువందలు తిరిగొచ్చాయి.

సరిగ్గా అదే వేళకి ఆ పిల్లే వచ్చింది.

ఇరవై రెండేళ్లుంటాయి. నీగాతా మంచుకొండల పిల్ల. టీవీలో కనిపించే ముఖం కాదు, చలికి బుగ్గలు పగిలిన ముఖం. వెదురాకుల్లో చుట్టిన బియ్యప్పిండి ఉండల పొట్లం పట్టుకుని అందరికీ నడుం వంచి దండం పెడుతోంది. తలకి పూలనూనె రాసుకుంది. కాలిన ప్లాస్టిక్ కంపులో ఆ వాసన కొత్తగా ఉంది.

అచ్చు మరల దగ్గర పనిచేసే ఒకిమి అక్క కంగారుపడి, పొడిచిన చక్రాల బుట్ట మీద తన ఏప్రాన్ కప్పింది. బుట్ట నిండా చిసే ముఖాలే. ప్రతి ముఖానికీ మధ్యలో బొక్క.

"కప్పకండక్కా, చూశాను" అని నవ్వింది పిల్ల. "నాకంటే అవే నయం. ఫ్యాక్టరీలో వెచ్చగా ఉన్నాయి."

తర్వాత నా గదికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "బాబాయ్ గారూ, నా రికార్డు విన్నది మీరేనటగా?" అంది.

"నేను కాక ఇంకెవరు?"

"చివరిదాకా విన్నారా? రెండో వైపు చివరి పాట... నేను రాసుకున్నది అదొక్కటే. మా అమ్మ మీద."

గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను. వినలేదు. ఆ పాట వంతు వచ్చేసరికి సెప్టెంబరు సుమో పోటీల్లో ఆఖరి కుస్తీ. రేడియో పక్క గదిలో ఉంది. జపాన్‌లోకెల్లా గొప్ప చెవులు సుమో వినడానికి వెళ్లాయి. తిరిగొచ్చి ముద్ర వేసేశాను.

"చివరి గాడి దాకా విన్నానమ్మా!" అన్నాను. "ఒక్క మచ్చ లేదు. బంగారం!"

ఆ పిల్ల ఊపిరి వదిలింది. "హమ్మయ్య. అయితే తప్పు అటువైపే" అంది. నాకేం అర్థం కాలేదు. అడగనూ లేదు. మళ్లీ నడుం వంచి దండం పెట్టి వెళ్లిపోయింది. పూలనూనె వాసన సాయంత్రం దాకా గదిలోనే ఉంది.

జనవరిలో చచ్చిపోయింది. ఒకే రోజు మూడు ఊళ్లలో మూడు కచేరీలు. మూడో ఊరికి వెళ్లే ఘాట్ రోడ్డులో డ్రైవరు కునికాడు. ఆమె రికార్డులు తీసే కంపెనీలో కజామా అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. వార్త తెలియగానే వాడు మొదట ఫోన్ చేసింది ఎవరికి? ఆ పిల్ల తల్లికా? కాదు. మా ఫ్యాక్టరీకి. మరలు ఖాళీగా ఉన్నాయా అని అడిగాడు! ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నా పిడికిలి దానంతటదే ముడుచుకుంటుంది.

ఇక జనం సంగతి చెప్పనా? నవంబరులో ఉచితంగా ఇస్తామన్నా పట్టుకెళ్లనివాళ్లు ఇప్పుడు షాపుల ముందు ఏడుస్తూ వరుసలు కట్టారు. తిరిగి రాకుండా షాపుల్లో మిగిలిన నాలుగొందలూ ఒక్క పూటలో ఊడ్చుకుపోయాయి. వందలో ఏనాడూ లేని రికార్డు ఆ వారం చార్టులో ముప్ఫయ్యోది అయింది. షాపుల్లో సరుకు లేక అక్కడ ఆగింది గానీ, ఉంటే ఇంకా పైకి పోయేదట.

"వచ్చే సోమవారానికి మొదటి స్థానం" అన్నాడు కజామా, ఒంటె రంగు కోటులో ఫ్యాక్టరీకి దిగి. "లక్ష కాపీలు కావాలి. ప్లాస్టిక్ లేదనకండి. మొదలెట్టడానికి ఆవిడవే గింజలున్నాయిగా!"

మా దేశంలో దహనం అయ్యాక అయినవాళ్లు ఎముకల్ని పుల్లలతో ఏరి కుండలో పెడతారు. అక్కడ నీగాతాలో తల్లి ఆ పని చేస్తోంది. ఇక్కడ మేము ఆ పిల్ల గింజల్ని పారలతో...

ఆదివారం పొద్దున్నే అచ్చు మొదలైంది. బయట మంచు పడుతోంది. సగం దీపాలే. మరలు ఆవిరి వదులుతున్నాయి, బుస్... బుస్... అని. ఒకిమి అక్క నా గది తలుపు కొట్టింది. ఆమె నోరు మా ఫ్యాక్టరీ సైరన్ కన్నా పెద్దది. ఆ రోజు గొంతు లేవలేదు.

"ఒరే చెవులోడా, ఒకసారి రా."

"ఏమైంది? మొగుడు గుర్తొచ్చాడా?"

"వెకిలి వేషాలు మాని రారా."

వెళ్లాను. గింజల బస్తా చూపించింది. "దీన్ని పొద్దున విప్పాను. దీంట్లోంచి రెండువందల రికార్డులు కూడా రాకూడదు. ఇప్పటికి మూడు వేలు తీశాను. చూడు."

బస్తా నిండుగా ఉంది.

"తోడిన కొద్దీ ఉంటోందిరా" అంది గుసగుసగా.

చెయ్యి పెట్టాను. బయట మంచు. బస్తా ఇనప తలుపు పక్కనే ఉంది. గింజలు మాత్రం వెచ్చగా ఉన్నాయి. ఒంటి వేడి. చెయ్యి తీసి వాసన చూసుకున్నాను.

పూలనూనె.

తోడిన కొద్దీ బియ్యం వచ్చే బస్తా కథ విని మురిసిపోయేవాళ్లని చూశాను. నిజంగా అలాంటిది కళ్ల ముందుకొస్తే ఎవడూ మురవడు.

నా గదికొచ్చి తలుపేసుకున్నాను. ముద్ర వెయ్యాల్సిన కాగితం బల్ల మీద ఉంది. అచ్చు అప్పటికే మొదలెట్టేశారు, ముద్ర లాంఛనం. కానీ ఈసారి వింటానని ఒట్టు పెట్టుకున్నాను. రికార్డు పెట్టాను. మొదటి వైపు అయింది. రెండో వైపు తిప్పాను. పాటలు ఒకదాని వెనక ఒకటి అయ్యాయి. చివరి పాట మొదలైంది.

వాద్యాలు లేవు. ఒక్క గిటారు. ఇంటి కప్పు మీద మంచు తోడుతున్న తల్లి... పొయ్యి మీద అన్నం... బస్సు వెళ్లిపోయిన రోడ్డు... నేను ముప్ఫయ్యారు వేల రికార్డులు విన్నవాణ్ణి. అంత మంచి పాట వినలేదు. ఈ మాట మాత్రం కోత కాదు.

ఆఖరి చరణం.

"అమ్మా, నేను..."

టక్.

"అమ్మా, నేను..."

టక్.

"అమ్మా, నేను..."

సూది ఎగిరి వెనక్కి పడుతోంది. గాడి మీద గీత. రికార్డులన్నిటినీ ఒత్తే అచ్చుపలకలోనే ఉంది అది. అంటే మొదటి నుంచీ ఉంది. ఎనిమిది వేలలోనూ ఉంది. నా ముద్ర కిందే ఉంది.

"అమ్మా, నేను..." టక్.

చెయ్యి చాచి సూది ఎత్తాను.

"అమ్మా, నేను..."

సూది నా చేతిలో గాలిలో ఉంది.

"అమ్మా, నేను..."

మీట నొక్కాను. రికార్డు తిరగడం ఆగింది. స్పీకర్ల తీగ పీకేశాను. నా గుండె... నా ఊపిరి... ఇంకో ఊపిరి. ఎడమ చెవి పక్కన. వెచ్చగా...

"బాబాయ్ గారూ..."

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

"...చివరిదాకా విన్నారా?"

తలుపు దభాలున తెరుచుకుంది. కజామా.

"ఇంకా ముద్ర పడలేదేమయ్యా? లారీలు వచ్చేశాయి!"

"దోషం ఉంది" అన్నాను. "చివరి పాట ఆగిపోతోంది. టేపు నుంచి పలక మళ్లీ కొయ్యాలి. పది రోజులు."

"పది రోజులా? పది రోజుల్లో జనం ఏడవడం మానేస్తారు!"

"ఆ పిల్ల సొంతంగా రాసుకున్న పాటయ్యా అది."

"నాలుగొందల మంది కొన్నారు. ఒక్కడైనా దోషం ఉందని ఉత్తరం రాశాడా? ఎందుకంటే ఒక్కడూ అందాకా వినలేదు. వీళ్లూ వినరు. అట్ట మీద బొమ్మ చూసి ఏడుస్తారు, అలమర్లో పెడతారు." మెల్లగా నా దగ్గరికొచ్చాడు. "అయినా మొదటి అచ్చు మీద ముద్ర ఎవరిది, హిబినో గారూ? పత్రికలవాళ్లకి చెప్పమంటారా?"

అప్పుడు వాడి కాలరు పట్టుకున్నాను. ఒంటి చేత్తో పైకెత్తాను. వాడి బూట్లు నేలకి జానెడు ఎత్తున కొట్టుకున్నాయి. గోడకేసి...

లేదు.

ఈ కథ వందసార్లు చెప్పాను, వందసార్లూ కజామాని గోడకేసి కొట్టాను. ఈసారికి నిజం రాస్తాను. సిరా డబ్బా మూత తీశాను. ముద్ర వేశాను. గుండ్రంగా, ఎర్రగా, వంకర లేకుండా వేశాను.

ఆ పై సోమవారం చార్టులో మొదటి స్థానం. ఏడు వారాలు అక్కడే ఉంది. ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు ఉత్తరం రాలేదు. కజామా గెలిచాడు, థూ! లక్ష మంది శోకం పెట్టారు, ఒక్కడూ పాట వినలేదు. ఆ పాట ఉన్న అసలు టేపు మీద ఫిబ్రవరిలో ఇంకో పిల్ల పాట ఎక్కించారు. టేపులకీ కరువే కదా.

ఆ పిల్ల పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మకి నీగాతా వెళ్లాను. తల్లి గుమ్మం దాకా వచ్చింది. నేనెవరో చెప్పగానే నా చేతులు పట్టుకుంది.

"గొప్ప చెవులున్నాయన మీరేనా నాయనా! డిసెంబరులో నేనే రాశాను దానికి, రికార్డు చివర ఆగిపోతోందే అని. ఫ్యాక్టరీకెళ్లి కనుక్కుంటానంది. మీరు చివరిదాకా విన్నారట, ఏ దోషమూ లేదన్నారట. 'నీ గ్రామఫోనే పాతదమ్మా, కొత్తది కొని పంపిస్తాను' అంది. దానికోసమే జనవరిలో రోజుకి మూడు కచేరీలు ఒప్పుకుంది పిచ్చిముండ."

చేతులు వెనక్కి లాక్కోబోయాను, ఆమె వదల్లేదు.

"కూర్చో నాయనా. దాని పాట చివరిదాకా విన్నది లోకంలో నువ్వొక్కడివే. చెప్పు. 'అమ్మా, నేను' తర్వాత ఏముంది?"

వాగుడుకి పుట్టినవాణ్ణి. చీమ దగ్గు విన్నానని చెప్పుకున్నవాణ్ణి. ఆ వాకిట్లో మంచులో నిలబడి... ఒక్క మాట రాలేదు.

ఇప్పుడు నాకు ఎనభై ఏడు. చెవులు పూర్తిగా పోయి పదకొండేళ్లయింది. పిడుగు పడ్డా వినపడదు. పోయిన నెల ఎడమ చెవిలో నొప్పిగా ఉంటే మనవరాలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కుర్రాడు. దీపం పెట్టి చూశాడు. సన్నటి పటకారు లోపలికి పోనిచ్చాడు. ఏదో లాగి స్టీలు గిన్నెలో వేశాడు.

టక్.

వినిపించింది. పదకొండేళ్ల తర్వాత మొదటి చప్పుడు.

గిన్నెలో నల్లటి గింజ. బియ్యపు గింజంత. డాక్టరు మళ్లీ పటకారు పెట్టాడు.

టక్.

మళ్లీ.

టక్.

గదంతా పూలనూనె వాసన. మనవరాలు ముక్కెగరేసి అటూ ఇటూ చూసింది. గిన్నె సగం నిండింది. కుర్రాడి నుదుటి మీద చెమట పట్టింది. పటకారు పక్కన పెట్టి, కాగితం తీసుకుని ఏదో రాసి నా ముందు పెట్టాడు.

'తోడిన కొద్దీ ఉన్నాయి తాతగారూ. మీరు ఏం పని చేసేవారు?'