మడ మీద ఇంజను నీళ్లు

నీళ్లు తోడే ఇంజను టక్కున ఆగిపోయింది. గట్టు మీద టీ తాగుతున్న గిరిధర్ పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్లదాకా బురదతో ఒకమ్మాయి ఇంజను పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరండీ మీరు, మా ఇంజను ఆపడానికి?"

"మడ అడవిలోకి పోస్తున్న నీళ్లు మీవేనా? అయితే ఆపింది నేనే."

పేరు శ్రీలేఖ. బందరులో జువాలజీ చదువుతోంది. నాగాయలంక మడ అడుగున, బురదలో బతికే పురుగులూ గుల్లలూ ఆమె ప్రాజెక్టు. తుఫానుకి మునిగిన వరిచేల నీళ్లను గిరిధర్ వాళ్లు పగలూ రాత్రీ అందులోకే తోడుతున్నారు. పురుగుమందు, కుళ్లిన గడ్డి కలిసిన నల్లటి నీళ్లు.

ఆమె జల్లెడలో బురద కడిగి అతని ముక్కు దగ్గర పెట్టింది. గుల్లలన్నీ నోళ్లు తెరుచుకుని కంపు కొడుతున్నాయి. వాన నీరైతే ఒక్క సముద్రపు పోటుకి కొట్టుకుపోతుందనీ, వీళ్ల ఇంజను మాత్రం ఆగకుండా మడ నీళ్లలో ఉప్పు తగ్గించేస్తోందనీ, ఉప్పు తగ్గితే నోరు మూసుకునే గుల్ల ఎంతసేపని అలా కూర్చుంటుందనీ కడిగేసింది. ఇవి చస్తే పీతకీ చేపకీ తిండేదని నిలదీసింది.

కోపంలో కూడా ఇంత బావుంటారా అనిపించి గిరిధర్‌కి తన మీద తనకే చిరాకేసింది.

"పురుగుల కోసం మా వరి ముంచుకోమంటారా?"

"నేరుగా సముద్రంలోకి పోయే మురుగు కాలువ ఉండగా ఇంజనెందుకండీ?"

కాలువ నోట్లో గట్టేసి రొయ్యల చెరువు తవ్వింది అతని నాన్న నరసింహారావే. ఊరంతా తుఫానుని తిడుతోంది. తిట్టడం తేలిక. కాలువకి అడ్డం గట్టేసింది తుఫాను కాదు!

చివరికి ఆ మాట చెప్పేశాడు.

"అంటే మీకు ముందే తెలుసు," అంది శ్రీలేఖ. అరవలేదు. జల్లెడ తీసుకుని వెళ్లిపోయింది. అరిచినా బావుండేది.

ఇంటికెళ్లి నాన్నని అడిగాడు. రొయ్యలు పట్టాక చూద్దామన్నాడాయన. ఆ చూద్దాం ఎన్నేళ్లుగా వింటున్నాడో! మర్నాడు పొద్దున్నే గిరిధర్ పార పట్టుకెళ్లి గట్టు తెంచాడు. రొయ్యలు కళ్లముందే సముద్రం దారి పట్టాయి. సాయంత్రానికి చేలో వరి వెన్నులు పైకి తేలాయి. తిట్టడానికొచ్చిన నరసింహారావు ఆ వెన్నులు చూసి, కొడుకు మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

శ్రీలేఖ గట్టు దిగి వచ్చింది.

"నా కోసమా తెంచారు?"

"కాదండీ. సిగ్గేసి తెంచాను. మీ కోసమైతే పూలు తెచ్చేవాణ్ణి."

ఆమె నీళ్లకేసి తిరిగి నవ్వు దాచుకుంది.

"రేపు మడలోకి వస్తున్నాను. గుల్లలేమైనా మిగిలాయేమో వెతకాలి. తెచ్చే పూలేవో అక్కడికే తెండి."