ఓడెల్ దిగుడులో ఎర్ర కారు

ఓడెల్ దిగుడు సంగతి వెస్ట్ వర్జీనియా కొండల్లో ఎవర్నడిగినా చెబుతారు. కాకపోతే గొంతు కాస్త తగ్గించి చెబుతారు.

కొండ నెత్తిన ఒక పాడుబడ్డ తూనిక కేంద్రం ఉంది. బొగ్గు లారీలు ఒకప్పుడు అక్కడ ఆగి, బరువు తూయించుకుని దిగేవి. ఒక రాత్రి ఒక లారీకి బ్రేకులు పోయాయి. కింది మలుపు దగ్గర లోయలోకి పోయింది. డ్రైవరు బెల్టు పెట్టుకోలేదు... లారీ ఒకచోట, అతనొకచోట దొరికారు.

అప్పట్నించీ అతను ఖాళీ సీటున్న బండి చూసి ఎక్కుతాడని అంటారు. ఎక్కి ఏం చేస్తాడు? అది మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. అందుకే అక్కడివాళ్ళు చీకటి పడ్డాక ఆ దారిన పోవలసివస్తే, ప్రతి సీటు మీదా ఏదో ఒకటి పడేస్తారు — సంచో, కోటో, బంగాళాదుంపల బస్తానో. ఖాళీ మాత్రం ఉంచరు.

వెండెల్ స్టిల్ట్‌నర్‌కి ఆ రాత్రి దెయ్యం మీద అనుమానం లేదు. ఉన్న అనుమానమంతా తమ్ముడి మీదే.

తండ్రి పోతూ పోతూ తన ఎర్ర కారుని కొడుకులిద్దరికీ ఉమ్మడిగా రాసి పోయాడు. రెండే సీట్ల పందెపు కారు. నేలకీ దాని పొట్టకీ మధ్య బెత్తెడు ఎడం కూడా ఉండదు. ముసలాయన దాన్ని సొంత చేతులతో కట్టుకుని, ఏటా కొండ పందెంలో నడిపేవాడు. ఈ ఏడు వెండెల్ నడపాలనుకున్నాడు. నోరు తెరిచి అడగలేదు, మనసులో మాత్రం అదే కోరిక. తమ్ముడు లైల్ కూడా ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే వెండెల్‌కి నచ్చలేదు. పుట్టిన దగ్గర్నించీ ప్రతిదానికీ పేచీ పెట్టినవాడు ఇప్పుడిలా నోరు మూసుకుని ఉన్నాడంటే, లోపల ఏదో ఉడుకుతున్నట్టే కదా!

మర్నాటి పందేనికి తీసుకెళ్ళాలని, పికప్ బండి వెనక తగిలించిన అద్దె ట్రైలర్ మీదికి కారుని ఎక్కించేటప్పుడే మొదలైంది గొడవ. ర్యాంపుల కింద చెక్కదిమ్మలు పెట్టి వాలు తగ్గించారు, లేకపోతే కారు ముందు అంచు నేలకి గీసుకుపోతుంది.

"రివర్సులో ఎక్కిద్దాం అన్నయ్యా" అన్నాడు లైల్. "దీనికి ఇంజను వెనకుంది. బరువు పికప్ వైపు ఉండాలి. లేకపోతే దిగుడులో ట్రైలర్ తోక ఊపుతుంది."

వెండెల్ కళ్ళు చికిలించాడు. రివర్సులో ఎక్కిస్తే ముక్కు బయటికి ఉంటుంది. పట్టీలు విప్పి తాళం తిప్పితే చాలు, నేరుగా దూసుకుపోవచ్చు. లైల్ దగ్గర దొంగచాటుగా కారు కొనేవాడెవడన్నా దారిలో కాచుకుని ఉంటే...

"ముక్కు ముందుకే ఎక్కించు."

"నా మాట వినవూ?"

"పెద్దవాణ్ణి నేనా నువ్వా?"

లైల్ పళ్ళు నూరుతూ కారు ఎక్కించాడు. ట్రైలర్ మడ్‌గార్డు అడ్డం రావడంతో తలుపు తెరుచుకోలేదు. సన్నగా ఉంటాడు కాబట్టి కిటికీలోంచి పాములా జారి బయటపడ్డాడు. దారిలో షార్టు కాకుండా బ్యాటరీ తీగ ఊడదీసి, కారు ముసుగు గుడ్డని ఉండచుట్టి పికప్ వెనక సీట్లో, కుడివైపు మూలకి విసిరేశాడు.

కొండ ఎక్కే ముందు పెట్రోలు కోసం ఆగారు. లైల్ పంపు చాటుకి వెళ్ళి ఫోన్లో గుసగుసలాడుతుంటే వెండెల్ చెవిన ముక్కలు ముక్కలుగా పడింది.

"...పొద్దున్నే... కారు తెస్తున్నాం... వాడికి మాత్రం చెప్పకు..."

వెండెల్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎంతకి బేరం కుదిరిందో అడిగేద్దామనుకున్నాడు. రేపు అందరి ముందూ నిలదీస్తేనే బాగుంటుందనిపించి, కాఫీ కోసం లోపలికి పోయాడు.

కొట్టు చూసే ఓపల్ ముసలమ్మ మాంసం కూరిన పెపరోనీ బన్నుల పొట్లం చేతికిస్తూ అడిగింది. "ఓడెల్ మీదుగానేనా అబ్బాయ్? సీట్లన్నీ నిండాయా?"

"పక్కన మా తమ్ముడు, వెనక కారు ముసుగు గుడ్డ. చాలా?"

"అవి రెండైతే మూడోది?"

"ఆ దెయ్యానికి మా తమ్ముణ్ణి చూస్తేనే దడుపు జ్వరం వస్తుందిలే!" అన్నాడు వెండెల్. ముసలమ్మ నవ్వలేదు.

బండి దగ్గరికొస్తే లైల్ ముందు సీట్లో లేడు. ఫోను అక్కడే ఛార్జింగుకి పెట్టి ఉంది. వెనక మూలన ముసుగు గుడ్డ ఉబ్బెత్తుగా, పైన లైల్ టోపీతో... నిండా కప్పుకుని పడుకున్నాడు దొరగారు! అలిగాడన్నమాట. అలగనీ. వెండెల్ బన్నుల పొట్లం పక్క సీట్లో పడేసి, తలుపు ధడాలున వేసి బయల్దేరాడు.

దారి చీకటి. ముందూ వెనకా బండి లేదు.

కొంత దూరం పోయాక అద్దంలో ఏదో మెరిసింది. చూశాడు. ట్రైలర్ మీది ఎర్ర కారు లోపల... వెలుతురు. మిణుకుమని, ఆరి, మళ్ళీ మిణుకుమంది.

బ్యాటరీ తీగ ఊడదీసిన కారులో వెలుతురేమిటి?

"లైల్... ఒరేయ్ లైల్..."

ముసుగు గుడ్డ కదల్లేదు.

వీడే ఏదో చేసి ఉంటాడు. తనని బెదరగొట్టి బండి ఆపించాలని! ఆపితే ఎవడో చెట్లచాటునుంచి వస్తాడు... ఆపేది లేదనుకున్నాడు వెండెల్.

కొండ నెత్తికి చేరాడు. తూనిక కేంద్రం కిటికీలకి అద్దాల్లేవు. అక్కడ రోడ్డు గతుకులు. ట్రైలర్ మీది కారు పొట్ట ఎక్కడ కొట్టుకుంటుందోనని నడక వేగానికి తగ్గించాడు. తగ్గించాక గానీ ఎక్కడున్నాడో గుర్తురాలేదు.

టక్.

వెనక సీట్లో... బెల్టు పెట్టుకున్న చప్పుడు.

"ఇప్పటికి లేచావా?" అన్నాడు వెండెల్. అలక ఇంకా తీరలేదు కాబోలు, మాట రాలేదు. వెండెల్‌కి మాత్రం ప్రాణం కుదుటపడింది. ఎంత దొంగవాడైనా తోడు తోడే కదా. హుషారుగా వేగం పెంచాడు.

దిగుడు మొదలైంది.

మొదట చిన్నగా... కుర్చీ కింద ఎవరో అటూ ఇటూ కదిపినట్టు. తర్వాత పెద్దగా. ట్రైలర్ తోక ఒకసారి కొండవైపు, ఒకసారి లోయవైపు ఈడుస్తోంది. ఒక్కో ఊపుకీ పికప్ నడుం విరిగినట్టు మెలితిరుగుతోంది. ఎదురుగా లైట్ల వెలుగులో ఆ మలుపు — కంచె వంగిపోయి ఉన్న చోటు — మీదికొచ్చేస్తోంది. వెండెల్ కాలు బ్రేకు మీదికి పోయింది.

"తొక్కకు."

సరిగ్గా చెవి వెనకనుంచి. మెల్లగా. బొంగురుగా.

"తొక్కితే పోతావు... కాలు తియ్యి. స్టీరింగు చక్రం కదపకు... అట్లాగే పట్టుకో."

నాన్న పోయాక తమ్ముడు తనతో అంత నెమ్మదిగా మాట్లాడింది లేదు. వెండెల్ కాలు తీశాడు. చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఊపు ఒకసారి ఆకాశమంత లేచింది... తర్వాత కొద్దిగా తగ్గింది... ఇంకొద్దిగా...

"ఆఁ... ఇప్పుడు మెల్లగా తొక్కు."

మలుపులో కంచెని ఇంచుమించు రాసుకుంటూ బయటపడ్డారు.

దిగుడు కింద, చర్చి ముందు దీపం వెలుగుతున్న చోట వెండెల్ బండి ఆపాడు. కళ్ళ నీళ్ళు వచ్చాయి. అనుమానమంతా ఆ నీళ్ళలోనే పోయినట్టనిపించింది.

"ఒరేయ్, నువ్వు చెప్పినట్టు రివర్సులోనే ఎక్కించాల్సింది. నాదే తప్పు. ఇవాళ నువ్వు లేకపోతే..."

ధన్ ధన్ ధన్!

ట్రైలర్ మీదనుంచి. వెండెల్ దూకి పరిగెత్తాడు. ఎర్ర కారు కిటికీలోంచి ముందు టార్చి లైటు, తర్వాత తల, తర్వాత తిట్లు బయటికొచ్చాయి.

"చంపేద్దామనుకున్నావా అన్నయ్యా! నీకు కళ్ళు కనపడవా? టార్చి ఊపి ఊపి చెయ్యి పడిపోయింది!"

వెండెల్ చెయ్యి అందించి తమ్ముణ్ణి కిందికి దించాడు.

"గేరులో వేశానో లేదోనని అనుమానమొచ్చి లోపల దూరాను. టోపీ అడ్డమొస్తోందని తీసి పికప్‌లో పడేశాను. ఇంతలో నువ్వు తుర్రుమన్నావు! పైన గతుకుల్లో సగం బయటికొచ్చాను కూడా. మళ్ళీ దౌడు తీయించావు. ఆ మలుపులో... నాన్న దగ్గరికే పోతున్నాననుకున్నాను."

"ఫోన్లో... వాడికి చెప్పకు అన్నావు..."

"నాన్న పందెం నంబరు, కింద నీ పేరుతో స్టిక్కరు వేయించాను! పొద్దున్నే కారు మీద అంటించి చూపిద్దామని చెప్పొద్దన్నాను. ఇప్పుడు తృప్తిగా ఉందా?"

వెండెల్ తమ్ముణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ లోయ అంచున ఊగింది కారు ఒక్కటే కాదు, అందులో లైల్ కూడా ఉన్నాడు. తను బ్రేకు తొక్కి ఉంటే... ఆ ఆలోచనతోపాటే ఇంకో ఆలోచన వచ్చి, అతని చేతులు వదులయ్యాయి.

"లైల్... మరి వెనక సీట్లో..."

ఇద్దరూ పికప్ వైపు తిరిగారు. తెరిచిన తలుపులోంచి లోపలి దీపం వెలుగుతోంది. కుడివైపు మూలన ముసుగు గుడ్డ ఉండ ఉండలాగే ఉంది. దాని మీద టోపీ.

ఎడమవైపు, వెండెల్ కూర్చునే సీటుకి సరిగ్గా వెనక, ఏమీ లేదు. కానీ బెల్టు పెట్టి ఉంది. సీటుకి అతుక్కుని లేదు... ముందుకి ఉబ్బి, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, బిగుతుగా నిలబడి ఉంది.

లైల్ అన్న చెయ్యి పట్టుకున్నాడు.

టక్.

బెల్టు ఊడి, మెల్లగా, ఎవరో చేత్తో పట్టి వదిలినట్టు తన చోటికి వెళ్ళిపోయింది.

ఓడెల్ మీదుగా ఇప్పటికీ జనం సీట్లు నింపుకునే పోతారు. వెండెల్ కూడా సంచులు సర్దుతాడు, కోట్లు పరుస్తాడు. తన వెనక సీటు మాత్రం దులిపి, ఖాళీగా ఉంచుతాడు. తూనిక కేంద్రం దగ్గర గతుకులు లేకపోయినా వేగం తగ్గిస్తాడు.