కచ్చా కుట్టు

మా దర్జీ కొట్లో పని రెండు భాగాలు. అక్క బట్ట కత్తిరించి, తెల్లదారంతో పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసి నా వైపు తోసేది. వాటి మీదుగా నేను మిషన్ నడిపి పక్కా కుట్టు వేసేదాన్ని. పదహారేళ్లు అలాగే గడిచాయి. ఇక్కడెందుకు వేశావని ఒక్కనాడూ అడిగింది లేదు, నా చెయ్యి అలా అలవాటు పడిపోయింది.

అక్కకి నేనంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే నా ప్రాణం తోడేసింది. నా గది తలుపుకి గడియ పీకించింది. ఫోన్లో మెసేజీలు నాకంటే ముందు తనే చదివేది. నన్ను చేసుకుంటామని వచ్చిన ఇద్దరికి, నాకు మూర్ఛలొస్తాయని చెప్పి సాగనంపింది. నిలదీస్తే, "చిన్నదానివి, నీకేం తెలుసే" అంది. అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు.

అక్క పోయి రెండు నెలలైంది. ఏడ్చాను, నిజంగానే. తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, అదీ నిజమే. కొట్లో ఫ్యాన్ బాగుచేయడానికి వచ్చిన వైరింగ్ మేస్త్రి, బాగైన ఫ్యాన్‌ని కూడా చూడ్డానికి వస్తూ వస్తూ నాకు దగ్గరయ్యాడు. ఆ సాయంత్రం ఐదింటి బస్సుకి ఇద్దరం ఊరు వదిలి వెళ్లి, పెళ్లి చేసుకుని కాపురం పెట్టాలనుకున్నాం.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. కొట్లో మిషన్ నూనె వాసన, ఇస్త్రీపెట్టె వేడి. ప్రయాణానికి నా కొత్త కుర్తా ఒక్కటే మిగిలింది. బల్ల మీద కుట్టడానికి సిద్ధంగా ఉంది. కూనిరాగం తీస్తూ, తెల్ల కుట్ల మీదుగా గబగబా మిషన్ నడిపేశాను.

తొడుక్కోబోతే చెయ్యి బయటికి రాలేదు. రెండో చెయ్యీ అంతే. కుర్తా చేతుల చివర్లు మూసి కుట్టేసి ఉన్నాయి. కుట్టింది నేనే.

కానీ కచ్చా... నేను వెయ్యలేదు.

మోకాళ్లకి అక్క రాసుకునే మందు వాసన గుప్పుమంది. నా వెనక, చాలా దగ్గరగా, ఎవరో పళ్లతో దారం కొరికిన చప్పుడు...

కుర్తా విసిరేసి బయటపడ్డాను. షట్టర్ దించి తాళం వేశాను. మేస్త్రి సంచి పట్టుకుని మెట్లెక్కి వస్తున్నాడు.

"ఏంటలా ఉన్నావ్?"

"పదండి. ఏమీ అడక్కండి."

ఆయన చొక్కా కాలరు దగ్గర తెల్లదారం కనిపించింది. తీసేద్దామని చెయ్యి పెట్టాను. అది కాలరుకి లేదు. మెడకి ఉంది. చర్మంలోంచి... పొడుగు పొడుగు కుట్లు. మిగిలిన దారం వీపు మీదుగా దిగి, మెట్ల మీద పాకి, షట్టర్ కిందకి వెళ్లింది.

"నొప్పిగా ఉందా?" గుసగుసగా అడిగాను.

"ఎక్కడ? చెమటకి దురదగా ఉంది, అంతే."

కొస పట్టుకుని లాగాను. కచ్చా కుట్టు ఒక కొస లాగితే మొత్తం ఊడి రావాలి. రాలేదు. అవతల నుంచి ఎవరో లాగారు. ఆయన తల ఒక్కసారిగా వెనక్కి వంగిపోయింది...

"నేను వెళ్లనక్కా," అన్నాను షట్టర్ వైపు తిరిగి. "ఇక్కడే ఉంటా. ఆయన్ని వదిలెయ్."

దారం వదులైంది. మెల్లగా లోపలికి జారిపోయింది.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడాయన, మెడ రుద్దుకుంటూ.

"మీరొక్కరే వెళ్లండి. నేను రాను."

బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి వెళ్లి బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. కనీసం ఆయన బతికాడనుకున్నాను.

తాళం తీసి లోపలికి వెళ్తే, బల్ల మీద కొలతల పుస్తకం తెరిచి ఉంది. అక్క చేతిరాత. సిరా ఇంకా ఆరలేదు.

మెడ, పద్నాలుగున్నర.

నోరు, రెండుంపావు.

ఆయనకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు. ఎంత పిలిచినా పలకడు. ముక్కుతో గట్టిగా ఊపిరి తీస్తున్న చప్పుడొక్కటే. పక్కన కండక్టరు గొంతు వినిపిస్తోంది.

"ఎక్కడికండీ?" అని అడిగాడు. కాసేపాగి, మళ్లీ అడిగాడు.